ఇటుకల లెక్క తగ్గలేదు

సాధనాలు తగ్గించి పనిని మాత్రం యథాతథంగా వుంచడం యీనాటి యాజమాన్యాలు కనిపెట్టిన విద్య కాదు. యూదుల ధర్మగ్రంథంలోని నిర్గమకాండంలో దాని పూర్వకథ వున్నది. ఈజిప్టులో బానిసలై ఇటుకలు కోస్తున్న ఇశ్రాయేలీయుల పక్షాన మోషే, అహరోనులు రాజును కోరినది ఏమిటి? దైవారాధన కొరకు మూడు దినాల ప్రయాణానికి అనుమతి. ఫరో అనుమతికి బదులు, మట్టిలో కలిపే గడ్డి సరఫరాను నిలిపివేశాడు. గడ్డిని వారే ఏరి తెచ్చుకోవాలి. దినసరి ఇటుకల లెక్కలో మాత్రం ఒక్కటీ తగ్గరాదు. లెక్క తగ్గినప్పుడు దెబ్బలు తిన్నవారు ఆ బానిసల నుండే నియమింపబడిన మేస్త్రీలు. వారు వెళ్ళి మొర పెట్టుకోగా, సోమరులు గనుకనే సెలవు అడుగుతున్నారని రాజు తేల్చివేశాడు. సెలవు దరఖాస్తు చేతబట్టుకొని అధికారి గది ముందు నిలబడిన ట్రాక్ మెయింటెయినరుకు, పోస్ట్‌మన్‌కు యీ జవాబు కొత్తది కాదు.

ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో యూదులు జరుపుకొనే పస్కా పండుగ యీ దాస్యవిమోచనకు జ్ఞాపకం. తమ పూర్వులు రాజులని చెప్పుకొనే జాతులు అనేకం. తమ పూర్వులు బానిసలని ఏటేటా పిల్లలకు చెప్పే పండుగ అరుదు. ఆ రాత్రి భోజనంలో పులియని రొట్టె, చేదు ఆకులు, కన్నీటికి గుర్తుగా ఉప్పునీరు, ఇటుకల అడుసుకు గుర్తుగా పండ్లూ పప్పులూ కలిపిన ముద్ద వుంటాయి. ఇంటిలోని పసివాడు ప్రశ్నించాలి, పెద్దలు జవాబు చెప్పాలి. ప్రతి తరంలోని ప్రతి వ్యక్తీ తానే ఈజిప్టు నుండి బయటపడినట్లు భావించాలన్నది ‘మిష్నా’ విధించిన నియమం. మన గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు ‘బెనె ఎఫ్రాయిం’ పేరిట యూదు ఆచారాలను పాటిస్తున్నాయి. వారిలో వ్యవసాయ కూలీలు అనేకులు. దాస్యవిమోచన కథ వారికి ఎందుకు దగ్గరయినదో వేరుగా వివరించనక్కరలేదు.

ఆ కథ ఎంతవరకు చరిత్ర అన్నది పండితుల వ్యాజ్యం. దాని జ్ఞాపకం నుండి పుట్టిన శాసనాలు మాకు ముఖ్యం. వారానికొక విశ్రాంతిదినం యజమానికే కాదు; దాసునికి, దాసికి, ఎద్దుకు, గాడిదకు, ఇంట తలదాచుకొన్న పరదేశికి కూడా చెందుతుంది. మీరూ ఒకనాడు బానిసలే గదా అన్నదే ద్వితీయోపదేశకాండం చూపిన కారణం. కొంకణ తీరంలో నూనె గానుగలు ఆడించిన బెనె ఇశ్రాయేల్ యూదులు శనివారం గానుగ కట్టేవారు కారు. అందుచేత ఇరుగుపొరుగువారు వారిని ‘శనివార్ తేలీ’లు, అనగా శనివారపు గానుగవారు అన్నారు. ఆ కుటుంబాల నుండే తదుపరి కాలంలో అనేకులు రైల్వేలలో, తపాలా శాఖలో ఉద్యోగాలు చేశారు. వారపు విశ్రాంతి కొరకు లోకో పైలట్లు ఈనాటికీ ఆందోళన చేయవలసి రావడం చూస్తే, ఆ గానుగ ఎద్దు భాగ్యం చేసుకున్నదే అనిపిస్తుంది.

దినకూలీ వేతనాన్ని సూర్యాస్తమయానికి ముందే చెల్లించాలన్నది మరొక శాసనం. కూలి స్వజనుడైనా పరదేశి అయినా సరే. తాల్మూదులో ఒక వ్యాజ్యం వున్నది. హమాలీలు ద్రాక్షసారా పీపాను పగులగొట్టారని ఒక పండితుడు వారి పైవస్త్రాలను జప్తు చేశాడు. వస్త్రాలు తిరిగి ఇమ్మన్నాడు ధర్మాధికారి రబ్. దినమంతా శ్రమించాము, ఆకలితో వున్నాము, చేతిలో ఏమీ లేదని హమాలీలు విన్నవించారు. కూలి కూడా చెల్లించుమన్నాడు. ఇదేనా శాసనమని పండితుడు విస్తుపోగా, ఇదే శాసనమన్నాడు రబ్.

అయితే గ్రంథంలో వున్నంత మాత్రాన కూలి చేతికి రాదు. 1909 నవంబరు 22న న్యూయార్క్‌లో కుట్టుపని కార్మికుల సభ జరిగింది. క్లారా లెమ్లిచ్ అనే యువతి లేచి యిద్దిష్ భాషలో సార్వత్రిక సమ్మె తీర్మానం ప్రతిపాదించింది. సభ్యులు కుడిచేతులెత్తి, సమ్మెకు ద్రోహం చేస్తే యీ చేయి ఎండిపోవాలని ప్రతిజ్ఞ చేశారు. అది పూర్వం యెరూషలేము పేరిట చేసిన ప్రతిజ్ఞ. ఆనాడు యెరూషలేము స్థానంలో సమ్మె నిలిచింది. ఇరవై వేలమందికి పైగా పనిముట్లు దించారు. సంఘాన్ని గుర్తించ నిరాకరించిన సంస్థల్లో స్త్రీల రవికెలు కుట్టించే ట్రయాంగిల్ ఫ్యాక్టరీ వొకటి. 1911 మార్చి 25న, పని ముగియబోతున్న వేళ, అక్కడ నిప్పంటుకొన్నది. వొక తలుపు తాళం వేసి వున్నది. 146 మంది మరణించారు. అధికులు యూదు, ఇటాలియన్ వలస కుటుంబాల యువతులు. ఆ దినం శనివారం. యజమానులిద్దరూ యూదులే. అదే సంవత్సరం డిసెంబరులో న్యాయస్థానం వారిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఉపవాసం పాటిస్తూ కూలీలను పీడించేవారిని ఖండించిన యెషయా ప్రవచనం ప్రాయశ్చిత్త దినాన ప్రతి ప్రార్థనాలయంలో చదవబడుతుంది. యజమానులు దానిని వినే వుంటారు.

మత గ్రంథాలతో కార్మిక సంఘానికి పని ఏమని కొందరు మిత్రులు అడగవచ్చు. పరజాతి దాసులను శాశ్వతంగా వుంచుకొనుటకు లేవీయకాండం అనుమతించిన మాట మాకు తెలియనిది కాదు. ఇజ్రాయెల్ ప్రభుత్వ చర్యలకు యీ పండుగలను సాక్ష్యంగా తేవడాన్నీ మేము అంగీకరించము. మమ్ము ఆకర్షించినది ఆ విశ్రాంతి జాబితాలోని చివరి మనిషి, పరదేశి. స్టేషను ఊడ్చే కాంట్రాక్టు కార్మికుడు, శాఖాపరమైన ఉద్యోగిగా గుర్తింపు లేని గ్రామీణ డాక్ సేవక్ మన ఇంటి పరదేశులు. ప్రతి బ్రాంచి కార్యదర్శి వచ్చే సమావేశంలో, తన కోర్కెల పత్రం చదువుటకు ముందు, మన ఆవరణలో పనిచేసే కాంట్రాక్టు మనిషికి గత మాసపు వేతనం ఏ తేదీన అందినదో విచారించి మినిట్సులో వ్రాయించాలని కోరుతున్నాము.