ఏడుపు తీసేస్తే ‘ఫీల్‌గుడ్’ అయిపోతుందా?

కొట్లాటలు లేకుండా నాలుగు నవ్వులు, ఒక పెళ్లి, కాస్త వాన ఉంటే చాలు, సమీక్షకులు ఆ సినిమాకు ‘ఫీల్‌గుడ్’ ముద్ర వేసేస్తున్నారు. కష్టం కనపడకపోవడమే హాయి అన్న లెక్క నిర్మాతల్లోనూ పాతుకుపోయింది. ఆ లెక్క తప్పు.

‘ఫీల్‌గుడ్’ అన్న మాట ఇక్కడ మార్మోగింది 2004 ఎన్నికల్లో. దేశం వెలిగిపోతోందని ‘ఫీల్‌గుడ్’ ప్రచారం చేసిన బీజేపీ కూటమి ఓడిపోయింది. కరవులో ఉన్న రైతుకు ఆ వెలుగు కనపడలేదు. అదే ఏడాది శేఖర్ కమ్ముల ‘ఆనంద్’ను మంచి కాఫీతో పోల్చి ప్రచారం చేస్తే జనం ఆదరించారు. అందులో నాయిక అమ్మానాన్నలను పోగొట్టుకుని ఒంటరిగా బతికే పిల్ల. ఆ సినిమా దుఃఖాన్ని దాచలేదు.

దుఃఖాన్ని దాచకుండానే హాయిని పంచొచ్చన్న సంగతి జనగామ ప్రాంతానికి ఎప్పుడో తెలుసు. లింగాల ఘనపూర్ మండలం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య జీవితమంతా ఒగ్గు కథే చెప్పారు. ఆ జానపద కళలో డోలు దరువు మధ్య ప్రధాన కథకుడు కన్నీళ్లు పెట్టిస్తుంటే, పక్కనున్నవాడు మాటకు మాట విసిరి నవ్విస్తాడు. మహబూబాబాద్ లంబాడీ తండాల్లో తీజ్ పండగ కూడా అంతే. తొమ్మిది రోజులు ఆడిపాడిన పెళ్లికాని పిల్లలు, గోధుమ మొలకలను నిమజ్జనం చేసే రోజున ఏడుస్తారు. అయినా అది పండగే.

2023 మార్చిలో వచ్చిన వేణు యెల్దండి ‘బలగం’ ఆ దారినే నడిచింది. ముసలాయన చావు, పిండం ముట్టని కాకి, మాటల్లేని బావాబావమరుదులు. వీటి మధ్యనే కడుపుబ్బ నవ్వించింది. చివరలో వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాటకు జనం వెక్కివెక్కి ఏడ్చారు. ఊళ్లకు ఊళ్లు తెర కట్టుకుని మరీ చూశాయి.

రేపెవరైనా భూపాలపల్లి సింగరేణి కాలనీ మీద హాయైన సినిమా తీస్తే, క్వార్టర్ల ముందు బతుకమ్మ ఆటతో పాటు, రాత్రి షిఫ్టుకు గనిలోకి దిగిన మనిషి ఇల్లు చేరేదాకా ఉండే గుబులూ చూపించాలి. ‘ఫీల్‌గుడ్ కదా, ఆ ఏడుపెందుకు’ అని నిర్మాత అడ్డుపడితే, దర్శకుడు ‘బలగం’ వసూళ్లను ఆయన ముందు పెట్టొచ్చు.