ధూమశకటానికి రంగు వేస్తే చాలునా?

ఇటీవల ఒక మిత్రగోష్ఠిలో ఆవిరి ఇంజన్ల ప్రస్తావన వచ్చింది. రైల్వే కొలువు చేసి విరమించిన పెద్దలొకరు, "వాటిని కాపాడటం ప్రభుత్వం పని మాస్టారూ, మనబోటివాళ్లం చేయగలిగిందేముంది? స్టేషను ముందు దిమ్మె కట్టి, రంగు వేసి నిలబెట్టారు గదా, ఇంకేం కావాలి?" అని తేల్చేశారు. అందరి తలలూ ఊగాయి. నా తల ఊగలేదు. కారణం మనవి చేసుకుంటాను.

వేల్స్ దేశపు పడమటి తీరాన టవిన్ అని చిన్న ఊరు. కొండలలోని గని నుండి ఇళ్లకప్పులకు పరచే పలకరాయిని దింపుకోవటానికి అక్కడ 1865లో టాలిలిన్ అనే రైలుమార్గం వేశారు. పట్టాల నడుమ ఎడం రెండడుగుల మూడంగుళాలు. 1946లో గని మూతపడింది. 1948లో బ్రిటిష్ ప్రభుత్వం రైళ్లను జాతీయం చేసినప్పుడు ఈ బుల్లి మార్గం ఆ జాబితాకే ఎక్కలేదు. యజమాని సర్ హెన్రీ హేడన్ జోన్స్ తాను బ్రతికినంత కాలం బండి నడుపుతానని మాట ఇచ్చి, నిలబెట్టుకొని, 1950లో కన్నుమూశారు. ఇక పట్టాలు పీకి పాత ఇనుముకు అమ్మటమే తరువాయి.

ఆ తరుణంలో ఎల్.టి.సి. రోల్ట్ అనే రచయిత, ఆయన మిత్రులు 1950 అక్టోబరులో బర్మింగ్‌హామ్ నగరంలో సభ చేసి ఒక సంఘం స్థాపించారు. 1951 మే 14న సంఘం పక్షాన తొలి బండి కదిలింది. అప్పటికి పనిచేస్తున్న ఇంజను ఒక్కటే, డోల్గోహ్. అది 1866 నాటిది. స్లీపర్లు కుళ్లి, పట్టాలు గడ్డిలో పూడి ఉండేవి. సెలవుదినాలలో వచ్చినవారు ఆ గడ్డి కోశారు, స్లీపర్లు మార్చారు, కంకర ఎత్తారు. స్వచ్ఛంద సేవకులు చేపట్టి నిలబెట్టిన రైలుమార్గాలలో ప్రపంచంలోనే ఇది మొదటిది. నేటికీ నడుస్తున్నది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికకు ఎక్కిన వాయవ్య వేల్స్ పలకగనుల సీమలో ఇదీ ఒక భాగం. దీని వెనుక బ్రిటన్‌లో ఇటువంటి మార్గాలు వందకు పైగా వెలిశాయి. ఎవరి పని అన్న ప్రశ్నకు ఇంతకంటె సూటియైన సమాధానం నాకు తెలియదు.

"అది తీరికా డబ్బూ ఉన్నవారి వినోదం" అంటారు. 1952లో అక్కడికి సేవకు వచ్చినవారిలో రెవరెండ్ ఆడ్రీ ఒకరు. థామస్ ఇంజను కథలతో పిల్లలను అలరించిన మతాచార్యుడు. ఆయన గార్డుగా ఉండి, ఫలహారాలమ్మే ఆవిడ ఎక్కకముందే బండికి జెండా ఊపేశారట. ఆ పొరపాటే తరువాత కథయింది. పుస్తకాలు వ్రాసే మనిషి జెండా పట్టుకొని ప్లాట్‌ఫారం మీద నిలబడటానికి సిగ్గుపడలేదు. మనకున్న లోటు డబ్బుదా, ఆ సిగ్గుదా?

అటుపక్కవారితోనూ నాకు పేచీ ఉంది. ప్రేమ ఉంటే చాలు, ఇంజను అదే నడుస్తుందని మురిసేవారు కొందరు. బాయిలరు మంచిమాటలు వినదు. చల్లారిన ఇంజనుకు నిప్పు పెట్టి ఆవిరి పుట్టించటానికి గంటలు పడుతుంది. లోపల పేరుకున్న మడ్డిని వేళకు కడిగివేయాలి. తనిఖీదారు ఒప్పుకుంటేనే అది కదలాలి. కొన్నేళ్లకొకసారి మొత్తం విప్పి, గొట్టాలు మార్చి, తిరిగి బిగించాలి. సేవకుడైనా సరే, మొదట ఇంజను తుడిచి, పిదప బొగ్గు వేసి, పరీక్షలు నెగ్గిన తరువాతనే డ్రైవరు కాగలడు. టాలిలిన్‌లో సైతం జీతగాళ్లున్నారు. ఉచితసేవ అనగా క్రమశిక్షణ లేని సేవ అనుకునేవాడు ఆవిరి జోలికి పోరాదు.

పొగ మాటేమిటని పర్యావరణవాదులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. వేల్స్‌లోని పెద్ద బహిరంగ బొగ్గుగని 2023లో మూతపడింది. సొంతగడ్డ బొగ్గు కరవై, అక్కడి వారసత్వ రైళ్లు దూరదేశాల బొగ్గు మీద ఆధారపడవలసి వస్తున్నది. ఈ చిక్కును దాచటం నా ఉద్దేశం కాదు. ఏడాదిలో కొన్ని దినాలు, కొద్ది మైళ్లు నడిచే బండి పొగను లెక్కగట్టేవారు, అది మోసుకొచ్చే విద్యను కూడా లెక్కగట్టాలని మాత్రమే నా విన్నపం.

అసలు ప్రమాదం ఆ విద్యకే. మన దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరిబండ్ల నిత్యసేవ 1995తో ముగిసింది. ఆనాటి పాతికేళ్ల ఫైర్‌మన్‌కు నేడు యాభై అయిదు దాటింది. అతనికి నేర్పిన డ్రైవర్లలో ఎందరు మిగిలారు? డార్జిలింగులో, నీలగిరిలో రైల్వేవారు ఇంకా ఆవిరి నడుపుతున్నారు, వారికి నమస్కారం. కాని తెలుగునాట స్టేషన్ల ముందు దిమ్మెలెక్కిన ఇంజన్లను తాకి చెప్పేవాడు లేడు, అడిగి నేర్చుకునేవాడు లేడు.

నేను పద్యం చెప్పి బ్రతికినవాణ్ణి. అచ్చుపుస్తకం బీరువాలో భద్రంగా ఉన్నంత మాత్రాన పద్యం బ్రతికినట్లు కాదని నాకు తెలుసు. గొంతెత్తి చదివేవాడూ, విని తప్పు దిద్దేవాడూ ఉండాలి. ఇంజనూ అంతే.

ప్రధానమార్గం మా చేతికివ్వండని ఎవరూ అడగటం లేదు. వాడుకలో లేని ఒక సైడింగు, ఒక్క చిన్న ఇంజను, నేర్పటానికి విరమించిన ఫిట్టర్లు, ఆదివారం నూనెగుడ్డ పట్టుకోవటానికి పదిమంది కుర్రవాళ్లు. అనుమతి రైల్వేవారిది, తనిఖీ అధికారులది, చెమట మనది. ఆనాడు తలలూపిన మిత్రులారా, ఆ పదిమందిని వెదకటం కూడా ప్రభుత్వం పనేనా?