తూకం గట్టిగా చదవకండి

పిల్లల బరువు గురించి రాయమన్నారు. ఏమి తినాలి, ఎంత తినాలి అనే పట్టికలు మీరు చాలా చూసి ఉంటారు కనుక నేను వేరే సంగతి రాస్తాను. పిల్లల బరువు గురించి పెద్దవాళ్ళం అనే మాటల సంగతి. మొదటి తప్పు నాదే, దానితోనే మొదలుపెడతాను.

నేను పిల్లల ఓ.పి.లో నర్సును. మా తూకం యంత్రం వరండాలో ఉండేది. నేను పిల్లల్ని ఎక్కించి అంకె గట్టిగా చెప్పేదాన్ని, బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి చీటీ మీద రాసుకునేది. ఏళ్ళ తరబడి అలాగే చేశాం. ఒకరోజు జ్వరంతో వచ్చిన 13 ఏళ్ళ అమ్మాయిని ఎక్కించి "యాభై ఎనిమిది" అన్నాను. బెంచీల మీద వాళ్ళు తలలెత్తి చూశారు. ఒకాయన నవ్వాడు. నేను అంతటితో ఊరుకోక, "ఏం తల్లీ, తమ్ముడి వాటా కూడా నువ్వే తింటున్నావా?" అన్నాను. ఆ పిల్ల కూడా నవ్వింది. నవ్వింది కదా అని నేను మరచిపోయాను.

ఎనిమిది నెలల తరువాత, స్కూల్లో ప్రార్థన సమయంలో కళ్ళు తిరిగి పడిపోయిందని అదే అమ్మాయిని తీసుకువచ్చారు. బరువు 46 కిలోలు. హిమోగ్లోబిన్ 8. నాలుగు నెలలుగా నెలసరి లేదు. మధ్యాహ్నం క్యారియర్‌లో అన్నం స్నేహితురాళ్ళకు పంచేసి, రాత్రి కడుపునొప్పి అని పడుకునేదట. "బాగా సన్నబడిందని అందరూ మెచ్చుకుంటుంటే మేమూ సంతోషించాం సిస్టర్" అన్నది వాళ్ళమ్మ. ఆ పిల్ల ఎవరో తెలియకూడదని కొన్ని వివరాలు మార్చాను. నేనన్న మాట మాత్రం మార్చలేదు.

ఆ ఒక్క మాటే ఇదంతా చేసిందని అనను. అటువంటి మాటలు ఆ పిల్ల ఎన్ని విని ఉంటుందో ఆలోచించండి. గుమ్మడికాయ, డ్రమ్ము, బియ్యం బస్తా. మన ఇళ్ళలో ఇవి తిట్లు కావు, ముద్దుపేర్లు! సన్నగా ఉన్న పిల్లను పుల్ల అంటాం, అదీ అంతే. ఫంక్షనుకు వెళితే మేనత్త ముందు బుగ్గ గిల్లుతుంది, తరువాత "ఇంత లావైతే రేపు పెళ్ళెలా చేస్తారు వదినా?" అంటుంది. విచిత్రమేమిటంటే, వద్దన్నా వినకుండా మూడో గరిటె పాయసం వేసేదీ ఆమే. తినకపోతే అలుగుతుంది, తింటే లావంటుంది. ఆ పిల్ల ఏం చేయాలి? మన సండేస్కూలు క్రిస్మస్ నాటికలు గుర్తు చేసుకోండి. బొద్దుగా ఉన్న అమ్మాయికి దేవదూత వేషం ఎన్నిసార్లు ఇచ్చాం? బొద్దుగా ఉన్న అబ్బాయి అయితే సత్రం యజమాని, లేకపోతే నవ్వించే గొర్రెల కాపరి.

మన పల్లెల్లో ఒకప్పుడు బిడ్డ బొద్దుగా ఉంటే దిష్టి తగులుతుందని భయపడేవారు, అంత మెచ్చుకోలుగా చూసేవారు. ఆ చూపు ఎంత త్వరగా మారగలదో ఫిజీ దీవులలో తెలిసింది. అక్కడి స్థానికులకు నిండైన శరీరమంటే గౌరవం. నడ్రోగా అనే ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. హార్వర్డ్ వైద్యురాలు యాన్ బెకర్ అప్పుడే అక్కడి స్కూలు అమ్మాయిలను ప్రశ్నించి, మళ్ళీ 1998లో ప్రశ్నించారు. ఒక్కోసారి 60 మందికి పైగా అమ్మాయిలు. బరువు తగ్గటానికి కావాలని వాంతి చేసుకునేవాళ్ళు మొదటిసారి ఒక్కరు కూడా లేరు. మూడేళ్ళకు నూటికి 11 మంది అయ్యారు. మన పిల్లలకు టి.వి.తో పాటు ఇప్పుడు చేతిలో ఫోను కూడా ఉంది.

"అయితే పిల్లలు లావైనా ఫరవాలేదంటారా?" అని మీరు అడగవచ్చు. అనను. అధిక బరువు పిల్లల్లో చిన్న వయసులోనే షుగరు, కాలేయానికి కొవ్వు పట్టడం వంటివి తెస్తుంది. మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా మారితే తల్లులు మురికి అనుకుని సున్నిపిండితో, నిమ్మచెక్కతో రుద్దుతుంటారు. రుద్దవద్దు. శరీరంలో ఇన్సులిన్ సరిగా పనిచేయటం లేదనటానికి అది గుర్తు కావచ్చు. డాక్టరుకు చూపించండి. నిద్రలో పెద్దగా గురక పెట్టినా చూపించండి. కానీ ఆ సంగతి డాక్టరు చూడాలి, పెళ్ళిపందిట్లో బంధువులు కాదు. పెద్దవాళ్ళ బి.ఎం.ఐ. లెక్క పిల్లలకు పనికిరాదు. వయసును బట్టి, ఆడ మగను బట్టి వేరే చార్టులుంటాయి. మన దేశపు శిశువైద్యుల అకాడమీ 5 నుండి 18 ఏళ్ళవారికి 2015లో అటువంటి చార్టులు విడుదల చేసింది. పైగా పెద్దమనిషి అయ్యే వయసులో ఆడపిల్లకు ఒంట్లో కొంత కొవ్వు చేరటం సహజం. సరిగ్గా ఆ ఏడాదే మనం వెక్కిరింపు మొదలుపెడతాం.

సిగ్గుపడితే తగ్గుతారని పెద్దల నమ్మకం. అది నిజమైతే ఇన్నేళ్ళ వెక్కిరింపులకు ఊళ్ళో లావైనవాళ్ళు ఒక్కరూ మిగిలేవారు కాదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంవారు 2013లో ప్రచురించిన పరిశోధనలో, తల్లిదండ్రులు బరువు గురించి మాట్లాడే ఇళ్ళలో పిల్లలు కడుపు మాడ్చుకోవడం వంటి పనులు ఎక్కువగా చేస్తున్నారని తేలింది. మంచి ఆహారం గురించి మాత్రమే మాట్లాడే ఇళ్ళలో అది తక్కువ. 2016లో అమెరికా శిశువైద్యుల అకాడమీ కూడా వైద్యులకు ఇదే చెప్పింది: పిల్లలచేత డైటింగ్ చేయించవద్దు, బరువు మాట ఎత్తవద్దు, ఇంటిల్లిపాది కలిసి భోజనం చేయమనండి. అసలు మన దేశంలో 15 నుండి 19 ఏళ్ళ అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆ ఒంటితో రాత్రి అన్నం మానేస్తే ఏమవుతుంది?

కనుక లావైన పిల్లకు వేరే కంచం, వేరే కూర పెట్టకండి. మార్చదలిస్తే ఇంట్లో అందరికీ మార్చండి. కూల్‌డ్రింకు సీసా కొనకపోతే ఎవరూ తాగరు, తమ్ముడితో సహా. సాయంత్రం ట్యూషను ఒక గంట తగ్గించి ఆడుకోనివ్వండి (ఈ మాటకు తండ్రులు ఒప్పుకోరని తెలుసు). పప్పు, ఆకుకూర, గుడ్డు అందరికీ వడ్డించి, అమ్మ కూడా వాళ్ళతో కూర్చుని తినాలి, చివర గిన్నె అడుగున మిగిలింది కాదు. అమ్మలకు ఇంకొక మాట. అద్దం ముందు నిలబడి "ఛీ, ఎంత లావైపోయానో" అని మీ గురించి మీరు అనుకున్నా, పక్కన జడ వేయించుకుంటున్న పిల్ల వింటుంది.

బంధువులు అన్నప్పుడు ఏం చేయాలని చాలామంది అడుగుతారు. పిల్ల ముందే జవాబు చెప్పండి. "మా అమ్మాయి ఆరోగ్యం డాక్టరుగారు చూస్తున్నారు వదినా, చదువు సంగతి అడగండి" అంటే చాలు. వదినగారు రెండు రోజులు మాట్లాడకపోవచ్చు.

మా తూకం యంత్రాన్ని లోపలి గదిలోకి మార్చమని అడిగాను. ఒక తెర, రెండు మేకులు ఖర్చు. ఇప్పుడు అంకె నేనే చీటీ మీద రాస్తాను. ఆ అమ్మాయి ఐరన్ మాత్రలు వాడింది, డాక్టరుగారు తల్లితోను, పిల్లతోను విడివిడిగా కూర్చుని చాలాసార్లు మాట్లాడారు. నెలసరి మళ్ళీ మొదలైంది. ఆనాటి మాటకు నన్ను క్షమించమని అడిగాను. "ఏ మాట సిస్టర్?" అన్నది ముందు. తరువాత తల వంచుకుని, "తమ్ముడి వాటా అన్నారు, అదేనా?" అన్నది.