బుడ్డోడి సింహాసనం

మావాడికి ఆరో నెలలో అన్నప్రాశన ఫర్వానియా ఫ్లాట్లోనే కానిచ్చేశాం. ఇక హై చైర్! మెత్తలూ చక్రాలూ ఉన్నదొకటి స్నేహితుడిచ్చాడు. రెండోరోజే, బెల్టు పెట్టకుండా నేను ఫోన్ ఎత్తేలోపు, వాడు డైనింగ్ టేబుల్‌ని కాళ్ళతో తన్నాడు. కుర్చీ వెనక్కి ఒరిగింది. మా ఆవిడ పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

తప్పు కుర్చీది కాదు, నాదే. అయినా ఇప్పుడు నా ఓటు బోడి ప్లాస్టిక్ కుర్చీకే: ఎడంగా నిలిచే కాళ్ళు, నడుముకి బెల్టు, కిందికి జారకుండా మధ్యలో అడ్డు, మెతుకులు ఇరుక్కోని నునుపు. ఎవెన్యూస్ ఐకియాలో దొరికే ఆంటిలోప్ అలాంటిదే. కాళ్ళు ఊడదీస్తే ఇరుకింట్లో అడ్డమూ ఉండదు. ఏది కొన్నా బెల్టు పెట్టాల్సింది మాత్రం మనమే.

అమ్మ ఫోన్లో అంతా విని, "చాప మీంచి ఎవడైనా పడ్డాడట్రా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. మీ దగ్గరుందా?