మూలన సంతకం

'చందమామ'లో 1954లో మొదలైన 'తోకచుక్క' సీరియల్ రాసిందెవరో అప్పుడు చదివిన పిల్లలకు తెలియదు. రచయిత పేరు వేసేవారు కాదు. గుంటూరు జిల్లాకు చెందిన దాసరి సుబ్రహ్మణ్యం అని తెలిసేసరికి ఆ పిల్లల్లో చాలామంది తాతలైపోయారు. బొమ్మలు గీసిందెవరో మాత్రం అప్పుడే తెలుసు. బొమ్మ మూలన 'చిత్ర' అని సంతకం ఉండేది మరి!

నాగిరెడ్డితో కలిసి 1947 జులైలో ఆ పత్రిక పెట్టిన చక్రపాణిది తెనాలి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. మాంత్రికుల గుహలు, రాక్షసుల కోటలు, శవంలోంచి మాట్లాడే బేతాళుడు... వీళ్లందరికీ తెలుగు మాటలు నేర్పింది ఈ ఊరి మనుషులన్నమాట. రూపం ఇచ్చినవారు వేరు. 'చిత్ర' అసలు పేరు టి.వి. రాఘవన్. శవాన్ని భుజాన వేసుకుని కత్తి దూసి నడిచే విక్రమార్కుడు శంకర్ చేతి బొమ్మ. 1952లో చందమామలో చేరిన శంకర్ తొంభై దాటేవరకు జీవించి 2020లో పోయారు. ఆయనది నెలజీతం ఉద్యోగం. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య తీరు వేరు. ఆయన కశింకోటలో తన గదిలో కూర్చుని, మనుషులకు దూరంగా ఉంటూ, చందమామకూ 'యువ'కూ 'స్వాతి'కీ బొమ్మలు గీసి పంపారు. ఎవరి ఆఫీసులోనూ కుర్చీ లేకుండా ఊహాలోకాలు గీసి పంపే ఈ పనిని ఇప్పుడు ఫ్రీలాన్స్ అంటున్నారు.

పోస్టుకు బదులు ఇంటర్నెట్ వచ్చింది, అంతే. తెనాలిలోనో రేపల్లెలోనో మేడ మీద గదిలో కూర్చుని అమెరికా రచయిత నవలకు డ్రాగన్ అట్ట గీయడానికి ఇప్పుడు కావలసింది ఓ కంప్యూటరు, గీతను పట్టుకునే పెన్ టాబ్లెట్, ఆగని కరెంటు. ఇక్కడ భోజనాలయ్యే వేళకు అక్కడ తెల్లవారుతుంది. కాబట్టి కరెక్షన్లన్నీ రాత్రిపూటే వస్తాయి. ముందు అగ్గిపెట్టెంత చిన్న చిన్న స్కెచ్‌లు నాలుగైదు వేసి పంపాలి. అందులో ఒకటి ఒప్పుకుంటే గీతలు, ఆ తర్వాత వెలుగునీడలు, చివరికి రంగులు. రంగులన్నీ వేశాక "గుర్రం బదులు ఏనుగు పెట్టండి" అనే మారాజులు ఎక్కడైనా ఉంటారు. చాలామందికి దీనితోనే ఇల్లు గడవదు. పగలు పెళ్లి ఫ్లెక్సీలు, స్కూలు గోడల మీద బొమ్మలు, పిల్లలకు డ్రాయింగ్ క్లాసులు. రాక్షసుల వంతు రాత్రికి వస్తుంది.

ఇంట్లోవాళ్ల కంటికి ఈ పని పనిలా కనిపించదు. కుర్చీలో వెనక్కి వాలి గంటసేపు గోడవంక చూస్తుంటే "ఖాళీగానే ఉన్నావుగా, పాలు పట్టుకురా" అంటారు. పాపం, వాళ్ల తప్పేం లేదు. ఆ గంటలో డ్రాగన్ రెక్క వీపుకు ఎక్కడ అతకాలో తేలుతోందని ఎవరికి తెలుస్తుంది?

ఊహాలోకం అంటే ఊహించేస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. ఈ వృత్తిలో అన్నిటికంటే పెద్ద భ్రమ అదే. లేని జంతువును నమ్మించాలంటే ఉన్న జంతువులు నాలుగు బాగా తెలిసి ఉండాలి. డ్రాగన్ రెక్కకు గబ్బిలం రెక్కలోని ఎముకలు, చర్మానికి ఉడుము ఒళ్లు, పొలుసుల మీద మెరుపుకు నిజాంపట్నం రేవులో బుట్టలో పడ్డ చేప. రాక్షసుడి కవచం గీయాల్సినవాడు పీత డిప్పను తిప్పి తిప్పి చూస్తే చాలు, ఏ కీలు ఎక్కడ వంగాలో అదే చెబుతుంది. రేపల్లె దాటి సముద్రం వైపు వెళ్తే మడ అడవులు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఆ వేళ్లను పొద్దువాలే వేళ చూసినవాడికి మంత్రాల అడవి కోసం విదేశీ సినిమాలు తిరగేయాల్సిన పనిలేదు. బాపట్ల దగ్గర సూర్యలంక తీరాన సరుగుడు తోటల్లో గాలి ఊళ వేరే, నీడలు వేరే.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలోనే భట్టిప్రోలు ఉంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపాన్ని తవ్వించినప్పుడు రాతి పేటికలు బయటపడ్డాయి. వాటి మీద బ్రాహ్మీ అక్షరాలు, లోపల స్ఫటికపు భరిణెలు, బుద్ధ ధాతువులు. ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో ప్రాణం దాచిన మాంత్రికుడి పెట్టె ఇంకెలా ఉంటుంది? ఇక కిరీటాలూ భుజకీర్తులూ కావాలంటే తెనాలి నాటకాల ఊరు. అట్ట మీద బంగారు కాగితం అతికించిన కిరీటం దీపాల వెలుగులో ఎక్కడ మెరుస్తుందో, ఎక్కడ మొద్దుబారుతుందో వేదిక ముందు కూర్చుంటే తెలిసిపోతుంది.

ఇంత చూసి, ఇన్ని రాత్రులు కూర్చుని గీసిన బొమ్మ చివరికి ఎవరిది?

గీసినవాడిదే అనుకుంటాం. చట్టం అంత తేలిగ్గా ఒప్పుకోదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ ఉంది. ఎవరైనా డబ్బిచ్చి పెయింటింగ్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కుదారు వేయించుకున్నవారే. గీతలతో గీసిన డ్రాయింగ్ ఈ 'పెయింటింగ్' కిందికి వస్తుందా అన్నది లాయర్లు వాదించుకోవాల్సిన సంగతి. వాళ్లు తేల్చేదాకా ఆగేకంటే పని మొదలెట్టకముందే ఓ కాగితం రాసుకోవడం మేలు. ఈ అట్ట ఒక్క పుస్తకానికేనా? ఆటబొమ్మలకూ, టీషర్టులకూ వాడుకుంటారా? ఎన్నేళ్లు? మన చట్టం ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లే. ఏ దేశాలకో రాయకపోతే భారతదేశానికే. ఇవి 19వ సెక్షన్ మాటలు. హక్కు మొత్తం అమ్మేసినా "ఇది నా బొమ్మ" అని చెప్పుకునే హక్కు మాత్రం 57వ సెక్షన్ కింద గీసినవాడి దగ్గరే ఉంటుంది. మూలన సంతకానికి చట్టంలో ఉన్న అండ అది.

ఈ పట్టింపు గిట్టుబాటయిన కథ ఒకటి అమెరికాలో ఉంది. ఫ్రాంక్ ఫ్రజెటా పుస్తకాలకూ పత్రికలకూ అట్టలు గీసి బతికిన చిత్రకారుడు. అచ్చు వేసుకోవడానికి ఇచ్చి, అసలు బొమ్మను వెనక్కి తెచ్చుకునేవాడు. 1969లో 'ఈరీ' అనే భయానక కథల పత్రిక అట్టకు వేసిన 'ఈజిప్షియన్ క్వీన్' అలా ఇంట్లోనే ఉండిపోయింది. ఆయన 2010లో పోయారు. 2019లో ఆ బొమ్మ వేలంలో 54 లక్షల డాలర్లు పలికింది. అప్పటి లెక్కలో దాదాపు 37 కోట్ల రూపాయలు!

కంప్యూటర్‌లో గీసే బొమ్మకు గోడకు తగిలించే 'అసలు' ఉండదు. ఉండేది హక్కు ఒక్కటే. దానికీ కొత్త చిక్కు వచ్చింది. 2022లో బొమ్మలు తయారుచేసే ఏఐ ప్రోగ్రాములు వచ్చినప్పుడు పోలండ్ ఫాంటసీ చిత్రకారుడు గ్రెగ్ రుట్కోవ్‌స్కీ పేరు టైపు చేసి ఆయన శైలి బొమ్మలు పుట్టించినవారు కోకొల్లలు. ఆయనకు పైసా రాలేదు. 2023 జనవరిలో కార్లా ఓర్టిజ్‌తో పాటు మరో ఇద్దరు చిత్రకారిణులు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ కంపెనీల మీద దావా వేశారు. ఇక్కడ తెనాలిలో చిన్న అట్ట బేరం ఆడేవాడు కూడా "మెషీన్ ఊరికే ఇస్తోందిగా" అంటాడు. మెషీన్ పీత డిప్పను తిప్పి చూడలేదని వాడికి చెప్పినా వినడు.

మన దేశంలో కాపీరైట్ గీసినవారు పోయాక మరో అరవై ఏళ్లు ఉంటుంది. వడ్డాది పాపయ్య 1992 డిసెంబరులో పోయారు. ఆ లెక్కన ఆయన బొమ్మల మీద హక్కు 2052 ఆఖరుదాకా ఎవరికో ఒకరికి ఉంటుంది. వారసులకా, అచ్చు వేసుకున్నవారికా? ఒక్కో బొమ్మకు అప్పట్లో ఏ కాగితం రాసుకున్నారో, అసలు రాసుకున్నారో లేదో వెతికి చూడాల్సిందే.