ట్యూబు వెనక ఏముంది?

కాలేజీ డే దగ్గరపడుతోందంటే మా హాస్టల్లో అద్దాల ముందు రద్దీ పెరుగుతుంది. మొటిమకు పక్షపాతం లేదు. ఫస్టు క్లాసు వాడినీ వదలదు, సప్లిమెంటరీ వాడినీ వదలదు. నవ్వులాట అలా ఉంచితే, పోయిన ఏడాది నా రూమ్మేటు పడ్డ పాట్లు చూశాక ఈ నాలుగు మాటలు రాయక తప్పదనిపించింది.

వాడు మందుల షాపుకెళ్లి "మొటిమలకేదైనా ఇవ్వన్నా" అన్నాడు. చీటీ లేదు, ప్రశ్న లేదు. చిన్న ట్యూబు చేతికొచ్చింది. వారంలో ఎరుపు తగ్గింది, ముఖం తేటపడింది. మేమంతా మందు పేరడిగి రాసుకున్నాం కూడా! రెండు నెలల తర్వాత ఆపాడో లేదో, మునుపటికి రెండింతలు మొటిమలు, బుగ్గల మంట, ఎండకెళితే కందిపోవడం. ట్యూబు వెనక సన్నటి అక్షరాల్ని అప్పుడు చదివాం: బీటామెథసోన్. అది స్టెరాయిడ్. ఎగ్జిమా వంటివాటికి డాక్టరు కొన్నాళ్లపాటు రాసే మందు. మొటిమ వాపును తాత్కాలికంగా అణుస్తుంది, అంతే. వాడగా వాడగా చర్మాన్ని పలచబరిచి, తానే మొటిమల్ని పుట్టిస్తుంది. చర్మానికి రాసే ఇలాంటి స్టెరాయిడ్లను కేంద్ర ప్రభుత్వం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదు. కాగితం మీద మాట అది!

మరి నిజంగా పనిచేసేవి లేవా అంటే, ఉన్నాయి. బెంజాయిల్ పెరాక్సైడ్ మొటిమలోని బాక్టీరియాను చంపుతుంది. 2.5, 5, 10 శాతాల్లో దొరుకుతుంది. 10 శాతం కొంటే నాలుగింతల ఫలితమనుకుంటాం. అబ్బే, 2.5 శాతం కూడా దాదాపు అంతే పనిచేస్తుంది, మంట మాత్రం తక్కువ. మన చామనచాయ చర్మం మంటెక్కితే నల్లమచ్చ మిగులుతుంది గనుక ఇది చిన్న సంగతి కాదు. (బట్టకు తగిలితే రంగు వెలుస్తుంది, నా నీలం చొక్కాయే సాక్షి.) సాలిసిలిక్ ఆమ్లం 0.5 నుంచి 2 శాతం దాకా ఉంటుంది. పూడిన రంధ్రాల్ని మెల్లగా తెరుస్తుంది, నల్లముక్కులకు నయం. అడాపలీన్ విటమిన్ ఏ కుటుంబానిది. అమెరికాలో 0.1 శాతం జెల్‌ను 2016 నుంచి చీటీ లేకుండానే అమ్ముతున్నారు. రాత్రిపూట రాయాలి, గర్భిణులు వాడకూడదు. లోతుగా గడ్డకట్టి గుంటలు పడేవాటికి మాత్రం ఇవేవీ చాలవు, డాక్టరు దగ్గరికే.

చిక్కల్లా ఒక్కటే. ఈ మూడింటిలో ఏదీ వారంలో పనిచెయ్యదు. ఆరేడు వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. మనకేమో శనివారం ఫంక్షన్! స్టెరాయిడ్ గెలిచేది అక్కడే. షాపువాడి తప్పుంది, కాదనను. కానీ అయిదు రూపాయల పెన్నును నాలుగు గీతలు గీసి చూసి కొనే మనం, ముఖానికి రాసుకునేదాని వెనక ఒక్క పంక్తి చదవమెందుకు?

యూనియన్ మిత్రులకు నా విన్నపం ఒక్కటి. నోటీసు బోర్డులో ఓ మూల చోటివ్వండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్: ఈ మూడు పేర్లూ పెద్దక్షరాలతో రాసి, "ట్యూబు మీద ఇవి కనిపిస్తే తిరిగిచ్చెయ్యి" అని కింద పెట్టండి. కాగితం, రంగులు నేనే తెస్తాను.