టీచరుగా వచ్చిన డాక్టరమ్మ

అమెరికాలో వైద్యం చదివిన అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. వైద్యం చేయడానికి మాత్రం కాదు! ఆమెను పంపిన లూథరన్ మిషన్ అప్పటికి వైద్యసేవకు సిద్ధంగా లేదు. బడి చూసుకోవాలి, ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు చదువు చెప్పాలి... అదీ ఆమెకు అప్పగించిన పని.

కానీ ఘోషా స్త్రీలు మగ డాక్టరుకు చెయ్యి కూడా చూపించని రోజులవి. ఊళ్లో డాక్టరమ్మ ఉందని తెలిశాక రాకుండా ఉంటారా? దాంతో ఓపక్క పాఠాలు, మరోపక్క రోగులు. తీరా వైద్యానికి వెళితే, ఆమె తాకితే మైల అనుకునే ఇళ్లూ ఉండేవి. మందు కావాలి, మనిషి తగలకూడదు!

1885లో గానీ మిషన్ ఆమెను డాక్టరుగా నియమించలేదు. ఆసుపత్రి తెరిచేసరికి 1898 వచ్చింది. అంటే, పదిహేనేళ్లు. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూసింది. ఊరివాళ్ల నోట అది కుగ్లర్ ఆసుపత్రి.